తేలుకు తెలిసిన యాళ్ల

ఈ రోజు పొద్దుగూకంగ తాండూరులో మా అరుగు మీద కూర్చోబోతున్న మనవరాలిని ఆపి, ముందు బండల మీద కట్టెతోని మూడుసార్లు కొట్టిన. "ఎందుకు నానమ్మా?" అన్నది. రోజూ చెప్పే 'దుమ్ము దులుపుతున్న' అనే అబద్ధం మరిచి, "తేళ్లు లేచే యాళ్ల, కొడితే పక్కకు పోతయ్" అని నోరు జారిన.

జంతుశాస్త్రం చదివే పిల్ల, నవ్వుతదనుకున్న. నవ్వలే.

"నిజమే నానమ్మా. తేలుకు లోపలే గడియారం ఉంటది. చీకటి పడే టైముకు దాని మెదడు నుంచి కళ్లకు ఒక రసాయనం పోతది, చూపు పెరుగుతది. పొద్దంత చీకట్ల పెట్టినా గా టైముకే తయారైతది."

గీ కొట్టుడు మా అత్తమ్మది. డిగ్రీ చదివిన కొత్తకోడలిని, అప్పట్ల నేనే నవ్విన: "తేలుకు చెవులుండయ్ అత్తమ్మా, ఎవరు వింటరు?"

"చెవులు లేకుంటేంది, దానికి యాళ్ల తెలుసు. నీకే తెల్వది," అన్నది.

రెండు రోజులు మూతి ముడుచుకున్న. ఆమె పోయినంక కట్టె నేను పట్టిన, అత్తమ్మ పేరు మాత్రం ఎవరికీ చెప్పలే. ఇయ్యాల మనవరాలికి చెప్పిన.

గిట్ల ఆలస్యంగ ఒప్పుకున్నోళ్లు ఇంకెవరన్న ఉంటే జర రాయండి. ఒక్కదాన్నే సిగ్గుపడుడు నాకు అలవాటు లేదు.