వాగుకు ఎలా వెళ్లాలి

మే నెలలో ఒక ఆదివారం ఉదయం అబిడ్స్‌లోని ఇరానీ హోటల్లో కూర్చుని మా పేపర్ అనుబంధం విప్పితే మధ్య పేజీలో నా వీపు కనిపించింది. నెత్తికి తువ్వాలు చుట్టుకుని, కయాక్ పడవ ముందు సీట్లో తెడ్డు వేస్తున్నాను. ఫొటో కింద ‘వాగులో విహరిస్తున్న పర్యాటకుడు’ అని ఉంది. ఆ ఫొటో తీసిందీ, వ్యాసం రాసిందీ ఎనిమిది ఎండాకాలాలు నా వెనక సీట్లో కూర్చున్న మనిషే.

వ్యాసమంతా వెతికాను. వాగు పేరు లేదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాక కింద మూలన బాక్స్ కనిపించింది. ‘ఎలా వెళ్లాలి?’ నాంపల్లి నుంచి ఎంత దూరమో, హైవే ఎక్కడ దిగాలో, చర్చి దాటాక ఎన్నో కల్వర్టు దగ్గర మట్టిదారి పట్టాలో, కారు ఏ చింతచెట్టు కింద ఆపుకోవచ్చో అన్నీ ఉన్నాయి. చాయ్ మీద మీగడ కట్టింది. తాగబుద్ధి కాలేదు.

అతను గన్‌ఫౌండ్రీలోని మా ఆఫీసుకు ట్రైనీగా వచ్చినప్పుడు నేను డెస్క్‌లో సీనియర్‌ని. మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. వాగుల్లో ఈత కొడుతూ పెరిగినవాడు. గాలి కొట్టుకునే రెండు సీట్ల కయాక్ ఒకటి కొని, మడిచి బ్యాగులో పెట్టుకుని, నాంపల్లిలో మా ఇంటి మూడో అంతస్తుకు మోసుకొచ్చాడు. “ఎన్నేండ్లు గీ కుర్చీల కూసుంటరన్నా? జర నీళ్ల మీద కూసుందాం పాండ్రి” అన్నాడు. నేను ఈత రానివాణ్ణి. అయినా వెళ్లాను.

ఎండాకాలంలో మన వాగుల్లో నీళ్లెక్కడివని చాలామంది అడుగుతారు. ఇసుకే ఎక్కువ, నిజమే. కానీ చెక్‌డ్యామ్ వెనక కిలోమీటరున్నర దాకా నీళ్లు నిలిచే చోటు అతనికి తెలుసు. ఈస్టర్ దాటిన దగ్గర నుంచి తొలకరి దాకా వీక్లీ ఆఫ్ రోజున అక్కడికే వెళ్లేవాళ్లం. మా ఆఫ్ మంగళవారం, అందుకే ఇంకెవరూ ఉండేవారు కాదు. తుంగ పక్క నుంచి వెళ్తుంటే నీటికోళ్లు కూడా లేచేవి కావు. ముందు సీటువాడికి వెనకవాడు కనపడడు. తెడ్డు నీళ్లలో పడే చప్పుడును బట్టి అతను ఏ వైపు తిప్పుతున్నాడో తెలుసుకోవడం నేర్చుకున్నాను.

మొదటి ఏడే అక్కడ చేపలు పట్టే పెద్దమనిషి పరిచయమయ్యాడు. థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వల ఎత్తుతూ మమ్మల్ని చూసి పడీపడీ నవ్వాడు.

“గాలి సంచిల కూసొని వచ్చిన్రా సారూ? తుమ్మముల్లు గుచ్చితే ఏం జేస్తరు?”

“నీ తెప్ప ఎక్కుతం అన్నా” అన్నాడు మావాడు.

“నా తెప్ప నన్నే మోస్తలేదు.”

పేపరోళ్లమని తెలిశాక మాత్రం నవ్వలేదు. “ఒక్క మాట సారు. మా వాగు సంగతి పేపర్ల రాయకున్రి. రాస్తే మంది వస్తరు. మంది వస్తే చేప ఉండదు, మేమూ ఉండం” అన్నాడు. రాయబోమని ఇద్దరం మాటిచ్చాం. ముందు మాటిచ్చింది అతనే.

ఆ ఆదివారం హోటల్ బయటికి వచ్చి, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య నిలబడి ఫోన్ చేశాను.

“చూసిన్రా అన్నా? పేజీ మంచిగొచ్చింది గదా.”

“మాటిచ్చినం గదరా.”

“పేరు రాయలే నేను. ఒక్కసారి మల్ల చూడుండ్రి.”

“పేరు లేదు, తొవ్వ ఉంది గదా.”

“బాక్స్ లేకుంటే పేజీ పోదు. ఆ రూల్ ఎవరిదన్నా?”

నాదే. ఆదివారం పేజీలు చూసిన కాలంలో, ఏ చోటు గురించి రాసినా చివర ఆ బాక్స్ లేకపోతే కాపీ వెనక్కి పంపేవాణ్ణి. అతని మొదటి వ్యాసాన్నే రెండుసార్లు తిప్పి పంపాను. ఇప్పుడు నేను రిటైరయ్యాను, నా రూల్ అక్కడే ఉంది.

సవరణ వేయమన్నాను.

“ఏం సవరించాలన్నా? తప్పేముంది అండ్ల? అన్నీ కరెక్టే.”

కరెక్టే. కల్వర్టుల లెక్క కూడా తప్పలేదు. అలా చూసి రాయడం అతనికి నేర్పింది నేనే. అందుకే అతని మీద కోపం తెచ్చుకుందామన్నా సగంలోనే ఆగిపోతోంది. అది ఇంకా బాధగా ఉంది.

మూడు వారాల తర్వాత బస్సులో ఒక్కణ్ణే వెళ్లాను. గట్టు పొడవునా కార్లు. ఎవరో కాంట్రాక్టరు తెచ్చిన ఆరు పెడల్ బోట్లు నీళ్లలో గిరగిరా తిరుగుతున్నాయి. పెద్దాయన గట్టు మీద తెగిన వల ముందేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

“మంచిగ రాసిన్రు సారు. మా కోడలు సదివి వినిపించింది. తొవ్వ సుత మంచిగ జెప్పిన్రు.”

రాసింది నేను కాదు అనబోయాను. ఫొటోలో ఉన్నది నేను. పక్కన కూర్చుని, బోట్లు ఆపించాలని చేపలవాళ్ల తరఫున అర్జీ రాసిస్తానన్నాను. అతను వలలోంచి చెయ్యి తీసి, వేలిముద్ర ఎక్కడ పెట్టాలని అడిగాడు.

ఆ అర్జీ నాంపల్లిలోని ఒక సర్కారు ఆఫీసులో ఇచ్చాను. బోట్లకు అనుమతి ఇవ్వాలని కాంట్రాక్టరు పెట్టుకున్న దరఖాస్తూ అక్కడే, అదే ఫైల్లో ఉంది. మా ఇంటి నుంచి నడిచివెళ్లే దూరమే. వారానికోసారి వెళ్లి అడుగుతున్నాను. ఆ నీళ్లు వల వేసేవాళ్లవో, బోట్లు తిప్పేవాళ్లవో ఇంకా తేల్చలేదు.