నాన్న దగ్గు

మొన్న గాలివాన వెలిసిన మర్నాడు పొద్దున్నే మా అబ్బాయి ఫోను నా ముఖం ముందు పెట్టి, "అమ్మా, ఈవిడెవరో గుర్తుపట్టగలవా?" అని అడిగాడు. రెడ్డిగూడెం దారిలో ఉన్న మా మామిడితోటకు ఈ ఏడే హనుమాన్ జంక్షన్ నుంచి సోలారు కెమెరా తెచ్చి బిగించాడు లెండి. కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, ఒకావిడ రాలిన కాయలు ఒడిలోకి ఏరుకుంటోంది, మధ్యమధ్యలో ఆగి ఏదో వింటున్నట్టు తల పక్కకు వంచుతోంది. మొహం తెలియలేదు గానీ, ఎడమకాలు కాస్త ఈడ్చే ఆ నడకను ఇట్టే పోల్చుకుని, ఈ వయసులోనూ నా చూపుకు ఢోకా లేదన్న మురిపెంతో పేరు చెప్పేశాను. ఆమె మా పుట్టింటి వీధిలో నాకు వదిన వరస. చిన్నప్పుడు ఒకరి జడ ఒకరం వేసుకున్నవాళ్లం. మావాడు ఆ వీడియో కింద ఆమె పేరు రాసి తోటలవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడుతుంటే, నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్నాను.

ఆ కాఫీ ఇప్పటికీ గొంతు దిగినట్టు లేదు. ఎందుకంటే నేను మా నాన్న కూతురిని.

నాన్న మా ఊరి చిన్న ప్రార్థనా మందిరంలో ఆదివారాలు అందరికంటే వెనక కూర్చునే మనిషి, నలుగురిలో నోరు విప్పి ప్రార్థన చేయమంటే చెమటలు పట్టేవి. ఒక రైతు దగ్గర మామిడితోట కౌలుకు చేసేవారు. గాలి కొట్టిన సాయంత్రాల్లో, రాలినవి ఎవరైనా ఎత్తుకుపోకముందే ఏరి పచ్చళ్ల బేరగాళ్లకు అమ్ముకోవాలని కౌలుదార్లంతా పరుగులు తీస్తుంటే, ఈయన మాత్రం తోట మొదట్లోనే నిలబడిపోయి, తువ్వాలు దులిపి, పొలిమేర దాకా వినపడేలా దగ్గడం మొదలుపెట్టేవారు. ఆ దగ్గు విని లోపల కాయలు ఏరుకుంటున్నవాళ్లు అటుపక్క కంచెలో మనిషి పట్టేంత సందులోంచి వెళ్లిపోయేవాళ్లు. ఎంతమంది చెప్పినా ఆ సందును మాత్రం ఆయన మూయలేదు. కొత్తలో మా అమ్మ నిజంగానే దగ్గు పట్టుకుందనుకుని మిరియాల కషాయం కాచి ఇస్తే, కిక్కురుమనకుండా తాగేసేవారట. సంగతి తెలిశాక మాత్రం, మన పిల్లల నోటికాడది పరాయివాళ్ల ఒళ్లో పోస్తున్నారని నెత్తీ నోరూ బాదుకుంది. ఆవిడ బాధా న్యాయమే, కౌలు కట్టాక మాకు మిగిలేది అంతంతమాత్రం.

నాకు మాత్రం వేరే అనుమానం. ఆదివారం బడిలో అబద్ధం పాపమని నేర్పుతున్నారు కదా, మరి రాని దగ్గు దగ్గడం అబద్ధం కాదా అని ఒకసారి నిలదీశాను. నాన్న నవ్వలేదు.

"నా తప్పులన్నీ ప్రభువుకి తెలుసమ్మా. ఊళ్లో టముకేయించాడా? లోపల ఉన్నది ఎవరో నేను చూసేస్తే, రేపు ఆ మనిషి మొహం మామూలుగా చూడగలనా?"

మర్నాడు ఆయన రాలుగాయలు బండి మీద వేసి, ముక్కలు కోసి ఒరుగులు పెట్టుకోమని, వీధిలో ఇంటింటికీ ఇచ్చి వచ్చారు. ప్రతి పెరట్లోనూ ఒరుగులే ఎండుతుంటే, ముందురోజు ఎవరు ఏరుకున్నారో ఎవరికీ తెలియకుండానే పోయింది.

ఇక్కడ మా వదిన పేరు మాత్రం ఊరంతా తెలిసిపోయింది. ఆమె కూలికి వెళ్తున్న, కాయలు గ్రేడింగు చేసే షెడ్డుకు ఇక రావద్దన్నారట. నేను అబద్ధం ఆడలేదు కదా, ఉన్నమాటే చెప్పాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ ఆదివారం మందిరానికి వెళ్లాను. అందరూ ప్రభువు పేరిట ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి బల్ల దగ్గరికి లేచి వెళ్తుంటే నేను లేవలేదు. ముందు ఆమె దగ్గరికి వెళ్లకుండా ఇక్కడ చెయ్యి చాచడానికి సిగ్గేసింది. ఆరాధన ముగియకుండానే బయటికొచ్చి ఆటో ఎక్కాను.

వదిన పెరట్లో ఒరుగులు ఎండబెడుతోంది. నన్ను చూసి లేచి పీట వాల్చింది. పేరు చెప్పింది నేనేనని చెప్పి ఏడ్చేశాను. ఆమె ఎండలోని ముక్కలు ఒక్కొక్కటే తిప్పి వేస్తూ అంది.

"మీ నాన్నగారి దగ్గు వినపడగానే మా అమ్మ నన్ను చంకనేసుకుని ఆ సందులోంచి వచ్చేసేది వదినా. మొన్న కూడా వింటూనే ఉన్నా. ఎవరూ దగ్గలేదు."

కోపంగా అన్నా బాగుండేది. జరిగిందేదో చెప్పినట్టు చెప్పింది.

మా అబ్బాయి ఆ వీడియో తీసేశాడు. గ్రూపులో క్షమాపణ కూడా పెట్టాడు, వాడు చెడ్డవాడేం కాదు. షెడ్డులో మాట్లాడి ఆమె పని ఆమెకు ఇప్పించాడు గానీ ఆమె వెళ్లడం లేదు. తోటలకు ఇప్పుడు ఇనుప కంచెలు వచ్చాయి, కాయ పోవడం తగ్గింది, అమ్మ ఉంటే ఈ మిగులు చూసి సంతోషించేదేమో. రాత్రి నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లుతుంటే పక్కగదిలోంచి మా అబ్బాయి దగ్గు వినిపించింది, వాన నీళ్లలో తిరిగి నిజంగానే పట్టిందట. లేచి కషాయం కాచి ఇచ్చాను. వాడు తాగుతుంటే చూస్తూ అనుకున్నాను, దగ్గడానికి కెమెరాకు గొంతు లేదు సరే, ఆ పొద్దున నాకు ఉంది కదా.