మిరప మంట చీటీ

1998 జనవరిలో నన్ను మార్టూరుకూ చీరాలకూ మధ్యనున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎం.ఎన్.ఓ.గా వేశారు. ఎం.ఎన్.ఓ. అంటే మగ నర్సింగ్ ఆర్డర్లీ. పేరు డాక్టరుగారి డిగ్రీకన్నా పొడుగు. హోదా చూస్తే మాత్రం నాకు కింద ఉన్నది ఊడ్చే ఆమె ఒక్కతే. ఎనిమిదో తరగతితో బడికి నమస్కారం పెట్టినవాడికి అదీ ఎక్కువే. కట్లు కట్టడం, సూదులు మరగబెట్టడం, పొద్దున్నే ఓపీ చీటీలు రాయడం నా పని. చీటీ మీద పేరు, వయసు, బాధ రాసిస్తే రోగి దాన్ని పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్తాడు.

మిరపకోతలప్పుడు ఈ వరస మారేది. కాయలు కోసిన చేతులు ఒంటికి ఎక్కడెక్కడో తగిలి, మంటెత్తి వచ్చేవాళ్లు బారులు తీరేవారు. అందరినీ డాక్టరుగారే చూడాలంటే జ్వరంతో వచ్చినవాడు వరసలోనే కోలుకుంటాడు. అందుకని చీటీ మీద ‘మిరప మంట’ అని రాసి నేరుగా మందుల కిటికీకి పంపేవాణ్ణి. వాళ్లు తెచ్చుకున్న సీసాలో ఫార్మసిస్టుగారు కాలమైన్ లోషన్ పోసేవారు. కాస్త చల్లబరిచే గులాబిరంగు మందు అది.

వెంకటేశ్వర్లు ఆ కిటికీకి వారం వారం వచ్చేవాడు. యాభై దాటిన మనిషి. ఒక రైతు కళ్లానికి కాపలా ఉండి, ఆ పక్కనే రేకుల షెడ్డులో కాపురముండేవాడు. భార్య పోయి నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఎక్కడ మంట అని అడిగితే చూపు కిందికి దించేవాడు. మిగతాది నేనే ఊహించుకుని రాసేసేవాణ్ణి. డాక్టరుగారి గది గడప ఆయన ఒక్కసారీ తొక్కలేదు.

జూలైలో ఒక సోమవారం మళ్లీ సీసాతో వచ్చాడు. అప్పటికి వానలు పడి చేలల్లో పత్తి గింజలు పెడుతున్నారు. వరసలో పాతికమంది ఉన్నారు. నా నోరు ఊరుకోలేదు.

“ఏం బాబాయ్, కాయలన్నీ గుంటూరు యార్డుకెళ్లి రెండు నెలలైంది. ఘాటు మాత్రం నీ దగ్గరే దాచుకున్నావా?”

వరసంతా నవ్వింది. ఆయన సీసాను తువ్వాల్లో చుట్టుకుని వెళ్లిపోయాడు. పై సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు.

నేనన్న మాటలో ఉన్న సంగతి నాకు అప్పటికిగాని ఎక్కలేదు. కాయలే లేనప్పుడు మంట ఎక్కడిది? మిరప మంట ఒకటి రెండు రోజుల్లో పోతుంది. నెలల తరబడి ఉంటే అది మిరప పని కాదు.

ఆ మధ్యాహ్నమే సైకిలేసుకుని ఆయన షెడ్డుకు వెళ్లాను. షెడ్డు ముందు ఒక్కడే కూర్చుని అన్నం వార్చుకుంటున్నాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. మంచినీళ్లడిగి, కుండ మీదున్న గ్లాసు అందుకోబోయాను.

“ఆ గ్లాసు ముట్టుకోమాక. దోసిలి పట్టు, పోస్తా,” అన్నాడు.

ఎందుకని గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. మా చీటీల బల్ల వెనక గోడ మీద ఎయిడ్స్ పోస్టరు ఉండేది. అందులో ఎముకల గూడు లాంటి మనిషి. వారం వారం దాని ఎదురుగా నిలబడి, తనదీ అదేనని ఆయన తేల్చుకున్నాడు. ఎవరితోనూ కలిసి తినడం మానేశాడు.

“చర్మం చీలింది. ఒంటేలుకు పోవాలంటే ప్రాణం పోతంది. ఏ తప్పూ చెయ్యలేదంటే ఎవరు నమ్ముతారు? నీకు చెబితే ఊరంతా నవ్వుద్ది. మీ పిన్నుంటే దానికి చెప్పుకునేవాణ్ణి.”

మర్నాడు పన్నెండు దాటాక, ఓపీ ఖాళీ అయిన వేళకు రమ్మన్నాను. గదిలో డాక్టరుగారు తప్ప ఎవరూ ఉండరని చెప్పాను. వచ్చాడు.

డాక్టరుగారు తలుపు వేసి పరీక్ష చేశారు. ముందుచర్మం వాచి, చీలి, తెల్లటి పొర కట్టి ఉంది. దాహం ఎక్కువా, రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తావు అని అడిగి మూత్ర పరీక్షకు పంపారు. మా ల్యాబులో బెనెడిక్ట్ అనే నీలం ద్రావణంలో మూత్రం చుక్కలు వేసి వేడిచేసేవారు. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఆయనది ఇటుక రంగుకు తిరిగింది.

షుగరు ముదిరి, దాని వల్ల అక్కడ ఫంగస్ పట్టింది. చిక్కిపోవడమూ షుగరు వల్లే. వెంకటేశ్వర్లు మనశ్శాంతి కోసం ఎయిడ్స్ రక్తపరీక్ష కూడా చీరాలలో చేయించారు. అందులో ఏమీ లేదు. తీరా అడిగితే, లోషన్ చాలక మందుల షాపులో ఏదో ట్యూబు కొని పూస్తూ, రోజుకు మూడుసార్లు ఘాటు సబ్బుతో రుద్దుతున్నాడట. అది స్టెరాయిడ్ ట్యూబు. దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల ఫంగస్ పెరుగుతుంది. రెండూ మాన్పించి, ఉత్త నీళ్లతో కడిగి పొడిగా ఉంచుకోమన్నారు. ఫంగస్‌కు పూతమందు, షుగరుకు మాత్రలు ఇచ్చారు. మూడు వారాలకు చర్మం మానింది. షుగరు ఉండిపోయింది.

ఆ తర్వాత ‘మిరప మంట’ చీటీ రాసేముందు ఎన్నాళ్ల నుంచి అని అడగడం మొదలుపెట్టాం. వారం దాటినా, తగ్గి మళ్లీ వస్తున్నా, పుండు, చీము, వాపు ఉన్నా, మూత్రానికి మంటైనా కిటికీకి కాదు, డాక్టరు గదికే. మూత్రం ఆగిపోతే అదే రోజు చీరాలకు. మగవాళ్లను పక్క వరండాలో ఒక్కొక్కరినీ నేను అడిగేవాణ్ణి, ఆడవాళ్లను నర్సమ్మగారు. పదిమందిలో అడిగితే మనిషి అబద్ధమైనా చెబుతాడు, లేచైనా పోతాడు.

వెంకటేశ్వర్లు మాత్రలకు నెలనెలా వచ్చేవాడు. నాకు పేరు, వయసు చెప్పేవాడు, అంతే. చీటీల బల్ల దగ్గర వేళాకోళాలు మానేశాను. నేనొక్కణ్ణే ఉండే ఆసుపత్రి క్వార్టర్లో వాటిని వినేవాళ్లు ఎలాగూ లేరు.