లడ్డూ చుట్టిన చెయ్యి

1974 జూన్‌లో నన్ను విజయవాడలో ఒక ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా వేసుకున్నారు. జబ్బు వల్లనో దెబ్బ వల్లనో పనికి దూరమైన మనిషి చేత ఏదో ఒక పని చేయిస్తూనే అతన్ని మళ్ళీ పనిలో పెట్టే ఉద్యోగం అది. ఈ సంగతి ఆసుపత్రిలో నాకూ, సూపరింటెండెంటు గారికీ మాత్రమే తెలుసు. ఆయనకు కొంచెం అనుమానంగా తెలుసు. పాత దుప్పట్ల గది ఖాళీ చేయించి నాకిచ్చారు. నేను బ్యాంకు పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. మా నాన్నగారు మాత్రం పటమటలో అందరికీ నేను ఒక రకం డాక్టర్నని చెబుతుండేవారు. ఏ రకం అని ఎవరూ రెట్టించకపోవడం మా ఇంటి అదృష్టం.

నెల తర్వాత వచ్చిన మొదటి రోగి పామర్రు వెంకటప్పయ్య గారు, పెళ్ళిళ్ళ వంటవాడు. ఒక పెళ్ళిలో తను వార్చిన గంజిలో తనే కాలు జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. సిమెంటు కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గాని వేళ్ళు బిగుసుకుపోయాయి. గుప్పిట సగమే మూసుకునేది. శ్రావణంలో కంకిపాడు రంగారావు గారి అమ్మాయి పెళ్ళి ఒప్పుకుని ఉన్నారు. కూరలూ పులుసులూ ఎవరైనా చేస్తారు. ఆయన్ని పిలిచేది లడ్డూ కోసం, అదీ ఒంటిచేత్తో చుట్టే లడ్డూ. ఆ పెళ్ళి చెయ్యి జారితే ఆ తర్వాతివి కూడా వేరే వంటవాళ్ళకే పోతాయని ఆయన దిగులు.

పుస్తకం ప్రకారం రంగుపూసలిచ్చి దారానికి గుచ్చమన్నాను. ఆయన రెండు గుచ్చి, "బాబు గారూ, మా మనవరాలు ఇది మానేసి బడికెళ్తోందండీ" అన్నారు.

చదువుకున్నవాణ్ణి కనుక విషయం అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది. నాలుగో రోజు ఆసుపత్రి వంటింట్లో బూంది తీయించి, పాకం పట్టించి, గోరువెచ్చగా ఆయన ముందు పెట్టించాను. చేతి పట్టుకు అంతకంటే మంచి కొలత మా శాస్త్రంలో లేదు. ఎక్కువ నొక్కితే ముద్దవుతుంది, తక్కువ నొక్కితే రాలిపోతుంది, వేళ్ళన్నీ ఒకేలా వంగితేనే గుండ్రంగా వస్తుంది. మొదటి వారం అన్నీ రాలాయి. వంటవాడు వడ్డనకు ముందు రుచి చూడకూడదన్నది ఆయన నియమం కాబట్టి ఆ పొడి నేనూ, నర్సులూ తిన్నాం. మా విభాగం ఒకటుందని ఆసుపత్రిలో అందరికీ తెలిసింది అప్పుడే.

రెండో వారంలో లడ్డూలు నిలిచాయి. నేను అటు తిరిగి కేసు షీటు రాసుకుని ఇటు తిరిగేసరికి పళ్ళెంలో నాలుగు ముచ్చటగా కూర్చుని ఉండేవి. అసాధారణమైన పురోగతి అని రాసుకున్నాను. నా ఉద్యోగం మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది.

పెళ్ళికి వారం రోజులుందనగా రంగారావు గారు స్వయంగా వచ్చి, చెయ్యి బాగైందని సర్టిఫికెట్ కావాలన్నారు. ఎముక వరకే తన పూచీ అని, కట్టు వేసిన సర్జన్ గారు ఆయన్ని నా గదికి పంపేశారు. వెంకటప్పయ్య గారు పళ్ళెంలోంచి ఒక లడ్డూ అందించారు. రంగారావు గారు కొరికి చూసి, రెండోది అడక్కుండానే తీసుకున్నారు. నేను కలం తీశాను.

సంతకం పెట్టబోతూ చూశాను. వెంకటప్పయ్య గారి ఎడమ అరచెయ్యి నేతితో మెరుస్తోంది. కుడి అరచెయ్యి పొడిగా ఉంది. వారం రోజులుగా నేను రాసుకున్న పురోగతి అంతా ఎడమచేతిదే. ఎడమచేత్తో చుట్టిన లడ్డూ అని తెలిస్తే మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు నుంచి లేచిపోతారు. సంతకం పెడితే పెళ్ళి వరకు ఆయనకు పని, నాకు పేరు. ఆ తర్వాత ఇద్దరికీ ఏమీ మిగలదు.

నేను చూస్తుండగా కుడిచేత్తో ఇంకొకటి చుట్టమన్నాను. ఆయన నా వంక ఒకసారి చూసి, చుట్టారు. అది విడిపోయి రంగారావు గారి తెల్లటి గ్లాస్కో పంచె మీద పడింది. ఆయన పంచె దులుపుకుంటూ, గుడివాడలో ఇంకో మనిషున్నాడంటూ లేచారు.

నాకు ఏ పుస్తకమూ గుర్తురాలేదు. వెంకటప్పయ్య గారి ఎడమచేతిని తీసి కుడిచేతి మీద దొప్పలా బోర్లించి, కుడిది పట్టుకోవాలని, ఎడమది నొక్కితే చాలని చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది.

"రెండు చేతులూ ఇళ్ళల్లో ఆడవాళ్ళు పెడతారండీ. నేను వంటవాణ్ణి."

గుమ్మం దాటబోతున్న రంగారావు గారు ఆగారు. "మా ఆవిడ రెండు చేతులతోనే చుడుతుంది. ఆ మాటేదో మా ఇంటికొచ్చి ఆవిడతో చెప్పవయ్యా."

వెంకటప్పయ్య గారు ఈ ఆహ్వానం గురించి కాసేపు ఆలోచించి, రెండు చేతులూ పెట్టారు. లడ్డూ నిలిచింది. రోగి రెండు చేతులతో లడ్డూ చుట్టగలడని ఇంగ్లీషులో సర్టిఫికెట్ రాశాను. నా సంతకం కింద సర్జన్ గారు కూడా చదవకుండా సంతకం పెట్టారు.

రెండు చేతుల పని నిదానం కాబట్టి ఆయన ఒకరోజు ముందుగా మొదలుపెట్టారు. పెళ్ళి సవ్యంగా జరిగింది. ఆ నెలలోనే బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. చేరలేనని జవాబు రాయడానికి ఒక పూట, ఆ సంగతి నాన్నగారికి చెప్పడానికి ఇంకో నెల పట్టాయి.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా ఏ రోగినైనా ముందు అడిగింది ఒకటే: ఏ రోజుకి, ఏ పని, ఎవరి ముందు చెయ్యాలి? ఇంకో అలవాటు కూడా మిగిలింది. విరిగిన చేతిని పరీక్షిస్తున్నప్పుడు, విరగని చెయ్యి ఏం చేస్తోందో కూడా చూసేవాణ్ణి.