కిడ్నీ మొత్తం తీయొద్దన్నాను

మా స్కాన్ డాక్టరమ్మ మాట్లాడటం ఆపిన రోజే ఏదో తేడా ఉందని నాకు తెలిసింది. ఆమె స్కానింగ్ సెంటర్ చైతన్యపురిలో. జాకెట్లన్నీ దిల్‌సుఖ్‌నగర్‌లోని నా టైలరింగ్ షాపులోనే కుట్టించుకుంటుంది. కడుపుబ్బరమని వెళ్తే, పొట్ట మీద జెల్ రాస్తూ, కొత్త జాకెట్‌కు చేతుల పొడవు ఎంత పెట్టాలో చెబుతూనే ఉంది. కుడివైపుకు వచ్చేసరికి మాట సగంలో ఆగింది. ఒకే చోట మళ్లీ మళ్లీ నొక్కి చూసింది. జాకెట్ సంగతి ఇక ఎత్తలేదు.

"రాయేనా మేడం?" అన్నాను. మాది నల్గొండ వైపు. నడుములో ఏ తేడా వచ్చినా రాళ్లే అనుకుంటాం.

"రాయి కాదు భాగ్యమ్మా. మీ ఆయన్ని పిలవండి," అంది.

ఎంఆర్ఐ తీస్తే కుడి కిడ్నీలో రెండున్నర సెంటీమీటర్ల మాస్, అంటే గడ్డ. "క్యాన్సర్ అయ్యే అవకాశమే ఎక్కువ," అన్నాడు మొదట చూపించుకున్న సర్జన్. "కిడ్నీ మొత్తం తీసేద్దాం. రెండోది ఉందిగా!" మా ఆయన వెంటనే తలూపాడు.

నాకు ఒళ్లు మండింది. పదిహేనేళ్లుగా షుగర్ నాకు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది, అప్పటికే ఒకటిన్నర దాటింది. ఆ రెండోది మాత్రం ఏం సుఖంగా ఉంది? మా అమ్మ డయాలసిస్ మీదే పోయింది. వారం వారం ఆ మిషన్ పక్కన కూర్చున్నదాన్ని నేను. చావుకన్నా ఆ మంచం అంటేనే నాకు భయం.

"పాడైనదాన్ని కడుపుల పెట్టుకొని ఏం జేస్తవే? తీసేస్తే పీడ పోతది," అన్నాడు మా ఆయన, తిరిగొస్తూ బండి మీద.

"గా మిషన్ మీద నువ్వు పండుకుంటవా?" అన్నాను. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు చేరేదాకా ఆయన బండి జోరుగా నడిపాడు.

గుడ్డ మీద కత్తెర పెట్టేముందు రెండుసార్లు కొలవడం నా అలవాటు. అందుకే ఇంకో యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాం. గుంటూరు వైపు ఆవిడ. కాగితం మీద చిక్కుడు గింజలాంటి బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పింది.

"చూడండమ్మా, ఇంత చిన్నదానికి మొత్తం తీయక్కర్లేదు. పార్షియల్ నెఫ్రెక్టమీ అంటే గడ్డనీ, దాని చుట్టూ కొంచెం మంచి భాగాన్నీ మాత్రమే తీస్తాం. మిగతా కిడ్నీ మీకుంటుంది. కానీ ఆపరేషన్ పెద్దదే. రక్తం పోవచ్చు, యూరిన్ లీకవ్వచ్చు. అబ్లేషన్ అంటే బయటినుంచి సూది పంపి గడ్డని కాల్చేయడం. పెద్ద కోత ఉండదు, త్వరగా లేస్తారు. కాకపోతే కొంత మిగిలిపోతే మళ్లీ చేయాల్సి రావచ్చు. మూడోది యాక్టివ్ సర్వైలెన్స్. ఇప్పుడేమీ చేయం, స్కాన్లతో కాపలా కాస్తాం. కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి, కొన్ని పెరుగుతాయి. పెరిగితే అప్పుడు చేద్దాం."

"మీరైతే ఏం జేస్తరు మేడం?"

"మీ క్రియాటినిన్ చూస్తే మొత్తం తీయడానికి నాకు చెయ్యి రాదు. అబ్లేషనైనా సరే, కొన్నాళ్లు చూసినా సరే. కానీ చూద్దాం అంటే మరిచిపోదాం అని కాదండోయ్. మూడు నెలలకి కచ్చితంగా రావాలి."

చూద్దామనే అన్నాను. అది కార్తీకం.

మూడు నెలలకు మాఘం వచ్చింది. పెళ్లిళ్లు! పెళ్లికూతురి జాకెట్ ఒప్పుకుని ముహూర్తానికి ఇవ్వకపోతే మళ్లీ నా షాపు గడప ఎవరూ తొక్కరు. ఈ వారం, వచ్చే వారం అంటూ వైశాఖం, జ్యేష్ఠం కూడా పోయాయి. ఆషాఢంలో తీరిక దొరికి బయల్దేరదామంటే మా ఆయన అడ్డుపడ్డాడు. "శూన్యమాసంల దవాఖాన మెట్లెక్కుతవా? జర ఆగు, శ్రావణంల పోదాం." ముహూర్తాలున్న నెలల్లో నాకు తీరిక లేదు, ముహూర్తాలు లేని నెలలో ఆయనకు ధైర్యం లేదు. కుట్టు మిషన్ ముందు కూర్చున్నంతసేపూ నా చెయ్యి ఊరికే కుడి పక్కకు పోయేది. నొప్పేమీ లేదు. నొప్పి ఉన్నా బాగుండేది, అన్నీ పడేసి పోయేదాన్ని.

శ్రావణం ఇంకా రాకముందే ఒక పొద్దున మూత్రం ఎర్రగా వచ్చింది. ఆయన మాసం మాట ఎత్తకుండా బండి తీశాడు.

స్కాన్‌లో గడ్డ మూడున్నర సెంటీమీటర్లు. డాక్టర్ స్క్రీన్ మీద పాత స్కాన్ పక్కన కొత్తది పెట్టి చూసింది. "మూడు దాటింది. లోపల రక్తనాళాల దాకా వచ్చింది. ఇప్పుడు సూదితో కాలిస్తే పూర్తిగా పోతుందని చెప్పలేను. చూస్తూ కూర్చోవడానికీ లేదు. ఎందుకమ్మా ఇన్నాళ్లు రాలేదు?" అంది. ఏం చెప్పను? మాఘం అని చెప్పనా, ఆషాఢం అని చెప్పనా? మా ఆయన తల వంచుకుని నిలబడ్డాడు.

మిగిలింది పార్షియల్ ఒక్కటే. ఆపరేషన్‌కు ముందు ఇంకో సంతకం అడిగారు. "రక్తం ఆగకపోతే మొత్తం తీసేయాల్సి రావచ్చు," అన్నారు. పెట్టాను.

మెలకువ రాగానే పక్క తడుముకోవాలని చూశాను, చెయ్యి లేవలేదు. "ఉన్నదా?" అన్నాను.

"ఉన్నది. ఉంచిన్రు," అన్నాడు మా ఆయన. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన ఏడవడం అప్పుడే చూశాను.

ఆ సంతోషం నిలవలేదు. డ్రైన్ పైపులోకి యూరిన్ లీకవుతోందన్నారు. మూత్రం సరిగ్గా కిందికి దిగేలా లోపల స్టెంట్ అనే సన్న గొట్టం పెట్టారు. క్రియాటినిన్ మూడుకు ఎక్కింది. నెఫ్రాలజిస్ట్ వచ్చి, "అవసరమైతే ఒకట్రెండు డయాలసిస్‌లు..." అన్నాడు. మిగతాది నాకు వినపడలేదు. డయాలసిస్ సూదులకు మా అమ్మ చేతి మీద ఉబ్బిన నరం కళ్ల ముందుకొచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్నాను. లీకు మెల్లగా ఆగింది. క్రియాటినిన్ దిగడం మొదలుపెట్టింది. డయాలసిస్ లేకుండానే ఇంటికి వచ్చాను.

తీసిన గడ్డను పరీక్షిస్తే క్యాన్సరేనని తేలింది. "మార్జిన్ క్లియర్," అంది డాక్టర్. కోసిన అంచులో గడ్డ లేదన్నమాట. కుట్టు పక్కన గుడ్డ వదలకపోతే ఏమవుతుందో తెలిసినదాన్ని, ఆ ఒక్క ముక్క నాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు షాపు తెరుస్తున్నాను, కానీ పెళ్లి ఆర్డర్లు తగ్గించుకున్నాను. క్రియాటినిన్ రెండు దగ్గర ఆగింది. ఉప్పు తగ్గించాను, నొప్పి మాత్రల జోలికి పోను. నాలాంటి గడ్డ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ "చూద్దాం" అంటే, ఎంత పెరిగితే ఏ దారి మూసుకుపోతుందో అడగండి, తర్వాతి స్కాన్ తారీఖు అక్కడే వేయించుకోండి. అప్పటిదాకా కుర్చీలోంచి లేవకండి.

పోయిన వారం మళ్లీ చైతన్యపురికి వెళ్లాను. డాక్టరమ్మ వాళ్లమ్మాయి చీర గురించి చెబుతూ కుడివైపు చూసింది. బాగుందంది. ఎడమవైపుకు వచ్చింది. మాట ఆగింది.

"మాట్లాడుకుంటనే చూడుండ్రి మేడం," అన్నాను.

"చిన్న మచ్చలాంటిది కనపడుతోంది భాగ్యమ్మా. నీటి బుడగే కావచ్చు. మూడు నెలలకి మళ్లీ చూద్దాం."

తలుపు దగ్గర నిలబడ్డ మా ఆయన లోపలికి వచ్చాడు. "తారీఖు రాయుండ్రి మేడం. ఏ మాసమైనా వస్తం."

రాసింది. ఆషాఢంలో పడింది.