ఆ వేలిని నేనే కొట్టేశాను

మీరు అబద్ధాలకోరులు. ఏ యాప్ గురించి అడిగినా మీ ఫోన్లో చూసుకుని "బాగానే పనిచేస్తోందే" అంటారు. పక్కవాడి చేతికిచ్చి చూడరు. నేను చూశాను, చూసి దాచాను. మీకంటే పెద్ద అబద్ధాలకోరును.

మా పక్కింటి బాబాయి మొన్న మంగళవారం పోయాడు. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కనున్న రైల్వే వ్యాగన్ల రిపేరు షాపులో ముప్ఫై ఏళ్ళు చక్రాలు తనిఖీ చేసిన మనిషి. సుత్తితో చక్రాన్ని కొట్టి, తలవంచి వినేవాడు. మోత తేడాగా ఉంటే బండి కదలదంతే. రిపేరు చేసినవాడు పాస్ చెయ్యకూడదన్నది అక్కడి పద్ధతి. ఇంట్లోనూ అదే. పిన్ని పులుసు పెడితే రుచి చూడమని నన్ను పిలిచేవాడు. "వండినోళ్ళ నాలికని నమ్మకూడదే" అనేవాడు. పిన్ని గరిటె ఎత్తేది.

రెండేళ్ళ క్రితం ఓ ధర్మాసుపత్రి వేలిముద్ర తీసుకుని ఓపీ చీటీ ఇచ్చే ఏర్పాటు మొదలుపెట్టింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి ఇస్తామన్న ఐటీ కంపెనీకి అసలు పరీక్షించడం వచ్చా అని తేల్చే కమిటీలో, ప్రజల తరఫున అంటూ నన్ను వేశారు. కంపెనీ వాళ్ళు తామే రాసుకున్న పరీక్షల జాబితా తెచ్చారు, తమ నున్నటి వేళ్ళు తెచ్చారు. అన్నీ పాస్. నేను బాబాయిని తీసుకెళ్ళాను. అరిగిపోయిన ఆయన వేలిని ఆ యంత్రం ఐదుసార్లు కాదంది.

"ఏటే బేటీ, నీ మషీన్‌కి నా వేలు పసందవ్వలేదేటి?"

"నీదొక్కటే తేడా బాబాయ్. మిగతావన్నీ ఠీక్."

"మాల్‌గాడీ పట్టాలు దిగడానికి ఒక్క చక్రం చాలదేటే? వాళ్ళ లిస్టుతోనే వాళ్ళని చెక్ చేత్తన్నావు. నువ్వు ఇన్‌స్పెక్టరువా, వాళ్ళ చుట్టానివా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పత్రికల్లో కార్పొరేట్లను చీల్చి చెండాడే నేను, మీటింగు తొందరగా ముగియాలని, ఆ వేలిని "మినహాయింపు" అని కొట్టేసి సంతకం పెట్టాను.

పోయిన నెల ఆయాసంతో ఆ ఆసుపత్రికే వెళ్ళి, యంత్రం వేలిని కాదంటే చీటీ రాక రెండుసార్లు తిరిగొచ్చాడట. నాకు చెప్పనివ్వలేదట. "సైన్ చేసింది బేటీయే కదా, బాధపడతాది" అన్నాడట పిన్నితో. మూడోసారి అంబులెన్సులో తీసుకెళ్ళారు. అప్పుడెవరూ చీటీ అడగలేదు.

చీటీ దొరికితే బతికేవాడా? తెలియదు. ఆ "తెలియదు" చాటున దాక్కోను.

నిన్న పిన్ని ఆయన సుత్తి నా చేతిలో పెట్టింది. పిడి మీద బొటనవేలు ఆనే చోట చెక్క గుంటపడి ఉంది.

కమిటీని అడుగుతున్నాను:

నా సంతకం రద్దు చెయ్యండి.

కంపెనీ తెచ్చిన జాబితాతో కంపెనీని పరీక్షించకండి.

ఊరి పక్క ధర్సీవా ఫ్యాక్టరీల నుంచి, మా కాలనీ నుంచి అరిగిన వేళ్ళను పిలవండి.

యంత్రం కాదన్న ప్రతి వేలినీ రిపోర్టులో రాయండి.

అంతవరకూ, చీటీ చేత్తో రాసివ్వడానికి, ఆ కౌంటర్లో ఒక పెన్ను పెట్టండి.