సంపాదన గడిలో సున్నా

వీధిలో అందరూ ఆమెను వారాలక్క అనేవారు. వారం వాయిదా వసూలుకు ప్రతి మంగళవారం తొమ్మిదింటికల్లా భుజాన నల్ల సంచీతో, చంకలో పొడవాటి పుస్తకంతో వచ్చి గుమ్మం బయట నిలబడేది. లోపలికి రమ్మన్నా వెళ్ళేది కాదు. గడప దాటకూడదు, మంచినీళ్ళయినా ముట్టకూడదు అన్నది ఇళ్ళకు వెళ్ళి అప్పులిచ్చే, ఆమె పనిచేసే కంపెనీ నియమం. మొహమాటం మొదలైతే వసూలు ఆగిపోతుందట. పదకొండేళ్ళుగా ఆమె ఆ మాట జవదాటలేదు. వసూళ్ళలో మూడుసార్లు మొదటి స్థానం వచ్చింది. బహుమతిగా ఇచ్చిన గోడగడియారాలు మూడూ ఇంట్లో మూడు వేళలు చూపించేవి.

వీధి చివర రెండు గదుల ఇంట్లో బొత్తాలవ్వ ఉండేది. దుస్తుల ఫ్యాక్టరీ నుంచి చొక్కాలు తెచ్చుకుని ఇంట్లోనే బొత్తాలు కుట్టి ఇచ్చేది కాబట్టి ఆ పేరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పనీ పోయింది. పాత అప్పు తీర్చడానికి ఒక కొత్త అప్పు, దాన్ని తీర్చడానికి ఇంకొకటి తీసుకుంది. అన్నీ వారాలక్క చేతిమీదుగా ఇచ్చినవే. దరఖాస్తులో సంపాదన అనే గడి ఖాళీగా ఉంటే ఆఫీసు ఒప్పుకోదు. "ఏదో ఒకటి రాసి పడెయ్, గడి నిండితే చాలు" అనేవాడు మేనేజరు. ఆమె రాసేది.

ఒక మంగళవారం అవ్వ కోడలు ఆ దరఖాస్తు నకలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, మా అత్తకి నెలకి పన్నెండు వేల సంపాదన అని ఉందిందులో. ఎక్కడిది?"

లోపల మంచం మీంచి అవ్వ పకపకా నవ్వింది. "పన్నెండు వేలా! ఎక్కడున్నాయో చెప్పవే తల్లీ, నేనే పోయి తెచ్చుకుంటా. వారం వారం నీకీ తిరుగుడెందుకు?"

కోడలు నవ్వలేదు. "ఎవరు రాశారిది?"

ఆఫీసువాళ్ళు అనే మాట వారాలక్క నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ అక్షరాలు ఆమెవే.

"నేనే రాశాను."

"ఆవిడకి పని లేదని తెలియకా?"

"తెలుసు. తెలిసే రాశాను."

మంచం మీంచి అవ్వే, "సర్లే, ఎండన పడి వచ్చావు. లోపలికొచ్చి కాసిని నీళ్ళన్నా తాగు" అంది.

పదకొండేళ్ళలో మొదటిసారి ఆమె ఆ గడప దాటింది. మంచం పక్కన ఒక మూతలో బ్లేడుతో రెండుగా కోసిన మాత్రలు కనిపించాయి.

"సగమే వేసుకోమన్నాడా డాక్టరు?"

"డాక్టరు ఒకటన్నాడు. నీ వారం సగమంది" అంది అవ్వ. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ధర చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజు వారాలక్క మిగతా ఇళ్ళకు వెళ్ళలేదు. మర్నాడు ఆమె ఆఫీసుకు తెచ్చిన నాలుగు కొత్త దరఖాస్తుల్లోనూ సంపాదన గడిలో సున్నా ఉంది. మేనేజరు వాటిని బల్లమీద విసిరాడు.

"ఏంటిది, వేళాకోళమా?"

"నలుగురికీ పని లేదు సార్. ఉన్నది రాశాను."

"తీసుకునేవాళ్ళు చిన్నపిల్లలా? తీర్చే బాధ్యత వాళ్ళది. మధ్యలో నీకెందుకు నొప్పి?"

"తీర్చే బాధ్యత వాళ్ళదే, కాదనను. తీర్చలేరని తెలిసీ ఇచ్చే మనదేమిటి? కమిషనేనా?"

పక్క బల్లల దగ్గర పెన్నులు ఆగిపోయాయి. మేనేజరు గొంతు తగ్గించాడు. "ఇంట్లో నీ ఒక్కదాని జీతమే కాదుగా అని ధైర్యమా? గడి నింపు. లేదా సంచీ ఇక్కడ పెట్టి వెళ్ళు."

ఆమె సంచీ బల్లమీద పెట్టింది. పుస్తకం మాత్రం ఇవ్వలేదు. అది ఆమె సొంత డబ్బుతో కొనుక్కున్నది.

ఆ పుస్తకంలో ఎవరింట్లో ఎవరికి పని ఉందో, ఎవరికి ఎప్పుడు పోయిందో తేదీలతో సహా ఉంది. వాటిని చూసుకుంటూ నాలుగు రోజులు కూర్చుని, అప్పుల కంపెనీలను అదుపుచేసే సర్కారు అధికారులకు ఫిర్యాదు రాసింది. ఏ ఇంటికి ఏ అబద్ధపు అంకె వేసిందో రాసి కింద సంతకం పెట్టింది. బస్సుల షెడ్డులో మెకానిక్కుగా పనిచేసే భర్త చదివి తల పట్టుకున్నాడు.

"ప్రతి పేజీలో నీ పేరే ఉందేమిటే? నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావా?"

"చేసింది నేనైతే పక్కింటావిడ పేరు రాయమంటావా?"

విచారణ ఏడు నెలలు సాగింది. కంపెనీ వకీలు ఆమెను దొంగ అన్నాడు.

"అవునండీ," అంది ఆమె, "దొంగనే. ఎవరు చేయిస్తే చేశానో అది కూడా రాసుకోండి."

చివరికి ఇరవై మూడు ఇళ్ళ అప్పులకు వడ్డీ మాఫీ అయింది. పని లేనివాళ్ళకు కంపెనీ కొత్త అప్పులు ఇవ్వకూడదని ఉత్తర్వు వచ్చింది. అప్పులిచ్చే పని అయిదేళ్ళపాటు చేయకుండా ఆమెను నిషేధించారు. మేనేజరుకు వేరే ఊరికి బదిలీ అయింది, అంతే.

ఆమె ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే పనికి కుదిరింది. జీతం అంతకుముందు వచ్చినదానిలో సగం కూడా లేదు. వీధిలో అందరూ ఆమెను మెచ్చుకున్నారనుకుంటే పొరపాటే. పని పోయి ఇంట్లో కూర్చున్న, గోడలకు రంగులేసే అతను ఒక ఉదయం దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు మంచిదానివైపోయావు, బాగుంది. ఇప్పుడు మాకు ఎక్కడా పైసా పుట్టట్లేదు. నోటి దగ్గర కూడు లాగేశావు."

"నిజమే తమ్ముడూ. నీకు అప్పు పుట్టకుండా చేసింది నేనే," అంది. "నీకు కావలసింది పని. అది నా దగ్గర లేదు. తిట్టాలనుంటే రోజూ తిట్టు, ఈ దారినే వెళ్తాను. కానీ నువ్వు తీర్చలేని డబ్బు నీ చేతిలో పెట్టి, మంగళవారం మంగళవారం నీ పెళ్ళాం ముందు నిలబడమంటే మాత్రం నా వల్ల కాదు."

అతను ఉమ్మేసి పక్కకు తప్పుకున్నాడు. ఆమె కొంగు బిగించుకుని, అదే దారిలో, అదే నడకతో డ్యూటీకి వెళ్ళింది.